చందా కూడా అమానతే

మన యువకుల్లో కవితలు, కథలు రాసేవారు చాలామంది. పత్రిక పెట్టాలన్న ఉత్సాహానికీ కొదవ లేదు. మరి మూడో సంచికతోనే అది ఎందుకు ఆగిపోతోంది? ఏడాది చందా మొదటి సంచికకే ఖర్చయిపోతుంది గనుక!

మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1903లో, పదిహేనేళ్ల ప్రాయంలో 'లిసానుస్సిద్ఖ్' మాసపత్రిక నడిపారు. అది ఎంతోకాలం సాగలేదు. అయినా 1912లో కలకత్తాలో సొంత ప్రెస్సు పెట్టి 'అల్ హిలాల్' ఉర్దూ వారపత్రిక తెచ్చారు. కొత్త చందాదారులు పాత సంచికలూ కావాలన్నారు. మూడు నెలల్లోనే వాటిని తిరిగి అచ్చువేయాల్సి వచ్చింది. 1914లో ప్రభుత్వం ధరావతు జప్తు చేయగా పత్రిక ఆగింది. మరుసటి ఏడే 'అల్ బలాగ్' వెలువడింది.

మనమూ నాలుగు సంచికలకు సరిపడా రచనలు, కాగితం ఖర్చు ముందే సమకూర్చుకుందాం. ప్రతి సంచికా కొన్ని ప్రతులు దాచుకుందాం. పంపలేకపోతే పైకం తిరిగి ఇచ్చేద్దాం. పత్రిక ఆగినా మాట నిలవాలి.