పాదిరీ చదువు - చిత్తూరు సీమ నుండి ఒక దృష్టాంతం

ఇమామ్ కాదలచిన యువకుడు మదరసాలో ఏళ్ల తరబడి చదువుతాడన్నది ముస్లిం పాఠకులకు తెలిసిన విషయమే. మరి పొరుగున ఉన్న క్రైస్తవ సోదరులలో పాదిరీ కాదలచినవాడు ఏమి చదువుతాడు? ఎందుకు చదువుతాడు? వారి ధర్మాన్ని గురించి మాట్లాడబోయే ముందు ఈ సంగతి తెలుసుకోవడం న్యాయం.

ఇందుకు పాత చిత్తూరు జిల్లాలోనే దృష్టాంతం లభిస్తుంది. అమెరికన్ ఆర్కాట్ మిషన్‌కు చెందిన జేకబ్ ఛేంబర్లేన్ 1863 నుండి మదనపల్లెలో పనిచేశారు. ఆయన మతశాస్త్రంతో పాటు వైద్యం కూడా అభ్యసించినవారు. 1873 నుండి 1894 వరకు తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. మూలం హీబ్రూ, గ్రీకు భాషల్లో ఉన్నందున ఆ భాషలు ఎరిగినవారే తెలుగు మాటను తూచి చెప్పగలరు. స్థానిక బోధకులకు కూడా క్రమమైన విద్య అందాలని ఆ మిషన్ పలమనేరులో ఒక వేదాంత పాఠశాల నెలకొల్పింది. దాని మూలధనం సమకూర్చినవారిలో, అక్కడ బోధించినవారిలో ఛేంబర్లేన్ ముఖ్యులు. 1910లో బెంగుళూరులో యునైటెడ్ థియొలాజికల్ కళాశాలను స్థాపించిన సంస్థలలో ఆర్కాట్ మిషన్ కూడా ఒకటి.

తెలుగునాట ఇటువంటి మరో ఉమ్మడి కళాశాల ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కళాశాల. ఇది 1964లో రాజమండ్రిలో ఆరంభమై 1973లో హైదరాబాదుకు తరలింది. సెరంపూర్ పట్టాల చదువులో బైబిలు వ్యాఖ్యానం, మూలభాషలు, సంఘ చరిత్ర, సిద్ధాంతం, బోధనా విధానం, ఇతర మతాల పరిచయం ఉంటాయి. 1930లో లాహోరులో వెలసి, 1971లో హైదరాబాదు చేరిన హెన్రీ మార్టిన్ సంస్థ ప్రత్యేకించి ఇస్లాం అధ్యయనానికే ఏర్పడింది. మొదట మతప్రచారకులకు తర్ఫీదు ఇవ్వడం దాని లక్ష్యం. కాలక్రమాన మతాల మధ్య సంభాషణ, సామరస్యం ప్రధానమయ్యాయి. పరధర్మాన్ని దాని గ్రంథాల ద్వారానే చదవసాగితే దృష్టి ఎలా మారగలదో ఇక్కడ గమనించవచ్చు.

పాండిత్యంపై క్రైస్తవులలోనూ ఆక్షేపణలు లేకపోలేదు. చరిత్ర దృష్టితో గ్రంథ పరిశీలన విశ్వాసాన్ని సడలిస్తుందని కొందరు, పట్టా పొందినవాడు పల్లెకు దూరమవుతాడని కొందరు అంటారు. ఈ రెండో మాటలో బలం ఉంది. విద్య బోధకుణ్ణి ప్రజలకు చేరువ చేయాలే గాని దూరం చేయరాదు.

ఈ ప్రశ్న ముస్లింలకూ వర్తిస్తుంది. ధర్మాన్ని లోతుగా గ్రహించి తమవారికి తెలియజేసే వర్గం ఒకటి ఉండాలని తౌబా సూరా 122వ ఆయత్ బోధిస్తుంది. ప్రతి ప్రవక్తా తన జాతి భాషలోనే సందేశం వినిపించాడని ఇబ్రాహీమ్ సూరా 4వ ఆయత్ భావం. చిత్తూరు సరిహద్దు దాటగానే వేలూరులో బాఖియాతుస్సాలిహాత్, ఉమరాబాదులో 1924 నాటి జామియా దారుస్సలాం ఉన్నాయి. అరబ్బీలో ఆరితేరిన ఆలిమ్ తెలుగు బడిలో చదువుకున్న బాలుడికి ఆ జ్ఞానాన్ని తెలుగులో చెప్పలేకపోతే అది అతని వద్దనే నిలిచిపోతుంది. మూలభాషలో లోతు, ప్రజల భాషలో స్పష్టత - ఈ రెండూ కలిసినప్పుడే ధార్మిక విద్య సార్థకమవుతుంది.