పెట్రోల్ కారుకు కాంపౌండ్ టర్బో ఎందుకు నప్పదు?

ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగే టర్బైన్ సాయంతో గాలిని నొక్కి ఇంజిన్‌కు అందించేది టర్బో. ఒకే ఇంజిన్‌కు రెండు టర్బోలను వరసగా బిగిస్తే అది కాంపౌండ్ టర్బో. పెద్ద టర్బో బయటి గాలిని పీల్చి, నొక్కి, చిన్నదానికి అందిస్తుంది. చిన్నది దాన్ని మళ్లీ నొక్కి సిలిండర్లలోకి తోస్తుంది. సిలిండర్లను పంచుకుని పక్కపక్కన పనిచేసే ట్విన్ టర్బో వేరు. కాంపౌండ్ పద్ధతిలో ఒత్తిళ్లు కూడవు, గుణించుకుంటాయి. ఒక్కో టర్బో ఒత్తిడిని రెట్టింపు చేస్తే చివరికి అందేది వాతావరణ పీడనానికి నాలుగు రెట్లు. డీజిల్ కార్లలో రెండంచెల టర్బో కొత్తది కాదు. బీఎండబ్ల్యూ 2004లోనే 535డి కారులో దాన్ని తెచ్చింది. పెట్రోల్ కార్లలో మాత్రం అది పాతుకుపోలేదు. కంపెనీలకు ధైర్యం చాలక కాదు, ఈ అమరిక ఇచ్చే వరాన్ని పెట్రోల్ వాడుకోలేదు కాబట్టి.

డీజిల్ ఇంజిన్ ముందు గాలిని మాత్రమే నొక్కుతుంది. ఇంధనం ఆఖర్న పడుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ పడేసరికే పెట్రోలూ గాలీ కలిసిపోయి ఉంటాయి. ఒత్తిడీ వేడీ హద్దు దాటితే, మంట వచ్చి చేరకముందే మూలల్లో మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. ఇదే నాకింగ్. ముదిరితే పిస్టన్లే దెబ్బతింటాయి. దాన్ని ఆపడానికి స్పార్క్‌ను ఆలస్యం చేస్తే ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, ఆ వేడికి టర్బైన్ పాడవకుండా అదనంగా పెట్రోల్ పోయాలి, మైలేజీ పడిపోతుంది. మరో దారి కంప్రెషన్ రేషియోను, అంటే పిస్టన్ మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తిని, తగ్గించడం. ఇంజిన్ శక్తితోనే తిరిగి గాలిని నొక్కే సూపర్‌చార్జర్‌నూ టర్బోనూ జతచేసిన 1985 నాటి లాన్సియా డెల్టా ఎస్4 ర్యాలీ కారు 1,759 సీసీ ఇంజిన్‌తో 450 హార్స్‌పవర్ దాటింది. కానీ దాని కంప్రెషన్ 7:1కి దిగింది. ఆదర్శ లెక్కలో 10:1 దగ్గర 60 శాతం ఉండే సామర్థ్యం 7:1 దగ్గర 54కి పడిపోతుంది. పందెంలో ఈ నష్టం భరించవచ్చు. రోజూ తిరిగే కారులో అది ప్రతి కిలోమీటరుకూ కట్టే జరిమానా.

రెండంచెల్లో నొక్కితే గాలి తక్కువ వేడెక్కుతుంది కదా అనవచ్చు. నిజమే. 70 శాతం సామర్థ్యం గల కంప్రెసర్ 30 డిగ్రీల గాలిని ఒక్క దెబ్బకు నాలుగు రెట్లు నొక్కితే అది దాదాపు 240 డిగ్రీలకు చేరుతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి 50 డిగ్రీలకు చల్లార్చి రెండుసార్లు నొక్కితే 150 దగ్గర ఆగుతుంది. అయితే సిలిండర్‌లో పిస్టన్ దాన్ని మళ్లీ నొక్కి వేడెక్కిస్తుంది. పైగా వరసగా ఉన్న రెండు టర్బైన్లు ఎగ్జాస్ట్‌కు అడ్డుపడటంతో కాలిన వేడి వాయువు కొంత లోపలే మిగిలి నాకింగ్‌కు ఆజ్యం పోస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పీ-38 విమానం పెట్రోల్ ఇంజిన్‌కు టర్బోనూ సూపర్‌చార్జర్‌నూ వరసగా వాడింది. కానీ 30,000 అడుగుల ఎత్తున గాలి పీడనం నేల మీద ఉన్నదానిలో మూడో వంతు కూడా ఉండదు. పోయిన పీడనాన్ని తిరిగి తెచ్చుకోవడానికే అక్కడ రెండంచెలు కావాలి. రోడ్డు మీద ఆ కొరత లేదు.

ఇథనాల్ కలిపితే నాకింగ్ తగ్గుతుందన్న వాదన ఇంతకన్నా గట్టిది. దాని ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, ఎక్కువ; ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. అందుకే ఇథనాల్ పాళ్లు బాగా ఎక్కువున్న ఇంధనంతో నడిచే పందెపు కార్లలో కాంపౌండ్ టర్బోకు చోటుంది. మన బంకుల్లోని 20 శాతం మిశ్రమం నాకింగ్ హద్దును కాస్త జరుపుతుందే తప్ప చెరిపేయదు.

ఇక మిగిలేది పికప్. చిన్న టర్బో త్వరగా అందుకుంటుంది, పెద్దది పైవేగంలో ఆదుకుంటుంది. అసలైన లాభం ఇదే. కానీ ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు రెండు టర్బోల ఇనుము వేడిని మింగేస్తే, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ పనిలోకి దిగడం ఆలస్యమవుతుంది. అదే పికప్‌ను మెర్సిడెస్-ఏఎంజీ 2022లో సీ43 కారులో ఒకే టర్బోతో, దాని ఇరుసు మీద పెట్టిన ఎలక్ట్రిక్ మోటారుతో సాధించింది. రెండు లీటర్ల ఇంజిన్ 400 హార్స్‌పవర్ దాటింది. పెట్రోల్ కారుకు కావలసింది నాలుగు రెట్ల ఒత్తిడి కాదు, తగినంత ఒత్తిడి అడిగిన క్షణంలో అందడం. ఇంజనీర్ల శ్రమ రెండో టర్బో మీద కన్నా ఆ మోటారు మీద పెట్టడమే సబబు.