క్లూ ఇచ్చినా గుర్తురాని పండు

ముసునూరు మామిడి తోటల్లో డెబ్బై ఏళ్ల తాతగారు తాళంచెవి ఎక్కడ పెట్టారో మరిచిపోతే, ‘వయసు మీద పడింది కదా’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అది వయసు తెచ్చిన మరుపా, అల్జీమర్స్‌కు తొలి అడుగా? ఈ రెంటినీ విడదీసే ఉపాయాన్ని న్యూయార్క్ న్యూరాలజిస్టు హెర్మన్ బుష్కే 1984లో ప్రకటించారు. దానికి కావలసిందల్లా కొన్ని బొమ్మల అట్టలే.

ఒక్కో అట్ట మీద నాలుగు బొమ్మలుంటాయి. ‘తాతగారూ, వీటిలో పండు ఏది?’ ‘సీతాఫలం.’ ‘పనిముట్టు?’ ‘కొడవలి.’ ఇలా పదహారు బొమ్మలు. కిటుకంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది. వేలు పెట్టి చూపించి పేరు చెప్పారంటే, ఆయన మనసు పెట్టి చూసినట్టే. పైగా ప్రతి బొమ్మా ‘పండు’, ‘పనిముట్టు’ లాంటి ఒక కొక్కేనికి తగులుకుంటుంది. తర్వాత కాసేపు అంకెలు వెనక్కి లెక్కపెట్టిస్తారు. నోట్లో ఆడుతున్న పేర్లు చెదిరిపోతాయి. అప్పుడు ‘గుర్తున్నవి చెప్పండి’ అంటారు. రానివాటికి కొక్కెం అందిస్తారు: ‘ఒక పండు ఉంది, ఏమిటది?’ ఇలా మూడు విడతలు, మొత్తం 48 మార్కులు.

వయసు మరుపులో సరుకు కొట్లోనే ఉంటుంది, ఏ అరలో ఉందో చటుక్కున తోచదు. అర చూపించగానే ‘సీతాఫలం!’ అనేస్తారు. అల్జీమర్స్ చాలామందిలో మొదట మెదడులోని హిప్పోక్యాంపస్‌నీ దాని చుట్టుపక్కల భాగాలనీ దెబ్బతీస్తుంది. కొత్త జ్ఞాపకాలు నిలిచేది వాటివల్లే. సరుకే లోపలికి చేరలేదు కనుక అర చూపించినా ఖాళీ. క్లూ ఇచ్చినా పేరు రాకపోవడం గట్టి హెచ్చరిక.

ఈ పరీక్షను ముసునూరు ఉన్న నూజివీడు సీమకు తెస్తే ఒక చిక్కుంది. చిన్నరసాలు పండే చోట ‘పండు’ అనగానే ఎవరి నోటైనా వచ్చేది మామిడే. అట్ట మీద మామిడి ఉంటే ఏమీ గుర్తులేనివారూ ఊహతో మార్కు కొట్టేస్తారు. కాబట్టి ఇక్కడ మామిడి బొమ్మ పనికిరాదు.

చదువు మరో చిక్కు. మతిమరుపును పసిగట్టే 1975 నాటి ప్రసిద్ధ పరీక్ష వాక్యం రాయమంటుంది, ఐదు కోణాల బొమ్మ గీయమంటుంది. పెన్సిల్ పట్టని చేయి అక్కడ తడబడితే జ్ఞాపకాన్ని తప్పుపట్టలేం. అందుకే, చదివి గుర్తుపెట్టుకోవాల్సిన నాలుగు మాటలతో బుష్కే చేసిన మరో పరీక్షను కేరళలో బొమ్మల్లోకి మార్చారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరీక్షల సంపుటి తెలుగు సహా ఐదు భాషల్లో వచ్చింది.

తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన అల్జీమర్స్ అని తేల్చరు. థైరాయిడ్, బీ12 లోపం, కుంగుబాటు కూడా మరుపు తెస్తాయి. వాటికి చికిత్స ఉంది. డాక్టరు దగ్గరికి తాతగారితో ఇంటివాళ్లొకరు వెళ్లాలి. మరుపు ఎప్పుడు మొదలైందో, మొన్నటిదాకా సొంతంగా చూసుకున్న తోట లెక్కల్లో ఇప్పుడెక్కడ తడబడుతున్నారో చెప్పగలిగేది వాళ్లే.