క్యాన్సరు రోగి చిక్కిపోవుట: శోథము, ఆహారము, మనస్సు

క్యాన్సరు వచ్చిన మనుష్యుడు కొలది నెలలలో చిక్కిపోవుటయు, అన్నమును చూచి మొగము త్రిప్పుకొనుటయు, ఎవరితోను మాటాడక పండుకొనియుండుటయు మన గ్రామములలో పలువురు చూచియే యుందురు. ఇంటివారు కొందఱు దీనిని పిరికితనమనియో మొండితనమనియో తలంచి రోగిని మందలింతురు. ఈ తలంపు సరికాదు. ఈ లక్షణములలో చాలభాగము దేహమునందు జరుగు మార్పుల ఫలము. ఆ మార్పులను మన సభ్యులకు తెలియజేయ నెంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నచో ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, వేడెక్కి, నొప్పి పెట్టును. దీనికి శోథమని పేరు. ఇది దేహము తన్ను తాను కాపాడుకొను ఏర్పాటు. గాయము మానగానే అణగిపోవును. క్యాన్సరు రోగులలో అనేకులకు శోథము అణగక, సన్నని సెగవలె నెలల తరబడి దేహమంతట నిలిచియుండును. రక్తమునందలి సి-రియాక్టివ్ ప్రోటీనును కొలిచి వైద్యులు దీని తీవ్రతను తెలిసికొందురు.

మనము తిను పప్పులు, పాలు, గ్రుడ్లు, చేపలు మొదలగువానియందలి మాంసకృత్తులు జీర్ణమై ఆమినో ఆమ్లములగును. ఇవి 20 రకములు. వానిలో 9 రకములను దేహము తయారుచేసికొనలేదు, ఆహారమునుండియే రావలయును. శోథము హెచ్చినప్పుడు కండలు కరగి, అందలి ఆమ్లములు కాలేయమునకును, రోగముతో పోరాడు కణములకును వ్యయమగును. తిండిగింజలు చాలక విత్తనపు గాదెను తీయుటవంటిది యిది. కావుననే రోగికి కొవ్వుతోపాటు కండయు తరిగిపోవును.

ఆ తొమ్మిదింటిలో ట్రిప్టోఫాను ఒకటి. 1901లో ఇంగ్లండునందు హాప్కిన్సు, కోల్ అను శాస్త్రజ్ఞులు దీనిని వేరుపఱచిరి. మెదడు ఇందులో కొంత భాగమును సెరటోనినుగా మార్చుకొనును. మనస్సు నెమ్మదిగా నుండుటకును, నిద్రకును సెరటోనిను తోడ్పడును. ట్రిప్టోఫానులో అధికభాగము ఎల్లప్పుడును కైన్యురెనిను అను వేఱొక దారినే పోవును. శోథమువలన ఆ దారి మఱింత తెఱచుకొనును. ఎగువ తూమును పెద్దది చేసినచో దిగువ చేనికి నీరు చాలదు కదా! నీరసమునకును దిగులునకును ఇది యొక కారణము కావచ్చునని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. నొప్పి, రక్తహీనత, మందుల ప్రభావము, అప్పుల చింత కూడ దీనికి తోడగును.

ఇక చేయవలసిన పని యేమి? మొదటిది, రోగిని పస్తుంచరాదు. పాలు, గ్రుడ్లు పెట్టినచో కురుపు పెరుగునని కొందఱు పథ్యము పెట్టుదురు. ఇందువలన కరగునది కురుపు కాదు, రోగి కండయే. రోగి తూకములో కిలో యొక్కింటికి దినమునకు 1 గ్రామునకు మించి, వీలైనచో 1.5 గ్రాముల వఱకు, మాంసకృత్తు అవసరము. అనగా 50 కిలోల మనిషికి 50 మొదలు 75 గ్రాములు. ఒక గ్రుడ్డునందు సుమారు 6 గ్రాములు, పావు లీటరు పాలయందు సుమారు 8, నూఱు గ్రాముల కందిపప్పునందు సుమారు 22 గ్రాములు గలవు. ఒక్కసారిగా తినలేనిచో కొంచెము కొంచెముగా పలుమాఱు పెట్టవలయును. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని యడిగియే నిర్ణయించుకొనవలయును.

రెండవది, నెలకొకమాఱు రోగిని తూచి వ్రాసియుంచవలయును. ఆఱు నెలలలో నూటికి 5 వంతులకు మించి, అనగా 60 కిలోలలో 3 కిలోలకు మించి, తగ్గినచో వెంటనే వైద్యునికి చెప్పవలయును. మూడవది, చేతనైనంత నడక మేలు. కండ నిలుచుటకు ఆహారమునకు తోడు కదలికయు కావలయును. నాలుగవది, ట్రిప్టోఫాను బిళ్లలను తమంతట తాము కొని మ్రింగరాదు. అవి క్యాన్సరు రోగులకు మేలుచేయునని స్థిరపడలేదు. దిగులునకు వాడు కొన్ని మందులతో కలిసి హాని చేయగలవు.

దిగులునకును చికిత్స గలదు. నొప్పిని చెప్పినట్లే నిద్రపట్టమిని, నిరాశను కూడ వైద్యునికి చెప్పవలయును. 2022లో ప్రభుత్వమువారు నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 అను అంకెపై ఫోను చేసినచో తెలుగులోనే ఉచితముగా సలహా దొరకును. ఇంట రోగి యున్న సభ్యులు అతనిని నిందింపక, వేళకు ఆహారమిచ్చి, ప్రక్కన కూర్చుండి మాటాడవలయునని కోరుచున్నాము.