చుక్క దాటితే పరిమళమూ చేటే

సువాసనంటే ఇష్టం లేని ఆడవాళ్లుంటారంటే నేను నమ్మను. జడలో మల్లెచెండు, పసిపిల్ల తలంటుకి సాంబ్రాణి పొగ, దేవుడి దగ్గర అగరొత్తి, బీరువాలో చీరల మడతల మధ్య వట్టివేరు... మన ఇళ్లలో పరిమళానికి ఎప్పుడూ ఓ చోటుంది. పడిశం పడితే ఆవిరి పట్టడం, తలనొప్పి వస్తే కణతలకి బామ్ రాసుకోవడం మనకి పుట్టుకతో వచ్చిన విద్యలే. వీటికి మన అమ్మమ్మలు ప్రత్యేకంగా పేరేమీ పెట్టలేదు. ఇప్పుడు 'అరోమాథెరపీ' అన్న పేరుతో, బొటనవేలంత గాజు సీసాల్లో, అదే పరిమళం మా పోలవరం దాకా వచ్చేసింది.

రాజమండ్రి వెళ్లొచ్చినవాళ్ల సంచిలోనో, పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన కోడలి సూట్‌కేసులోనో, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పార్సిల్‌లోనో ఓ సీసా కనిపిస్తోంది. లావెండర్, టీ ట్రీ, పెప్పర్‌మింట్, లెమన్‌గ్రాస్... సాయంత్రం అరుగు మీద నలుగురం చేరితే చాలు, "ఇది రాస్తే మోకాళ్ల నొప్పి ఇట్టే పోతుందటండీ" అని ఒకరు, "రెండు చుక్కలు నీళ్లలో వేసుకు తాగితే ఒళ్లు తగ్గుతుందటండీ" అని మరొకరు. చెట్టు నుంచి వచ్చిందే కదా, దీనివల్ల హానేముంటుందన్న ధీమా అందరిదీ. నా పేచీ సీసాతో కాదు, ఆ ధీమాతోనే.

సీసాలో ఉన్నదేమిటి?

పేరులో నూనె ఉంది గానీ ఇది కొబ్బరినూనె, నువ్వులనూనెలాంటిది కాదు. ఆకునో, పువ్వునో, వేరునో, బెరడునో ఆవిరి పట్టించి, అందులోని వాసననంతా పిండి తీసిన సారం. ఎంత పిండితే ఎంత వస్తుందో తెలుసా? ఒక్క కిలో గులాబీ తైలం కావాలంటే మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. లారీడు పువ్వులు ఓ చెంబులో ఇమిడాయన్నమాట! గుప్పెడు పుదీనాతో పచ్చడి చేసుకు తింటే ఏమీ కాదు. అదే పుదీనా తైలం చెంచాడు మింగితే అది పచ్చడి కాదు, మోతాదు మించిన మందు.

మన మల్లెపువ్వు సంగతి మరీ విచిత్రం. అది ఆవిరి వేడికి తట్టుకోలేదు. అందుకే రసాయన ద్రావకాలతో దాని సారాన్ని తీస్తారు. దానికయ్యే ఖర్చు చాలా ఎక్కువ. కాబట్టి వంద రూపాయలకి 'అసలు సిసలు మల్లె తైలం' అని ఎవరైనా ఇస్తే, అది చాలావరకు కృత్రిమ సెంటేనని గుర్తుపెట్టుకోండి. అగ్గిపెట్టె పక్కనో, రుమాలు మీదో వాసనకి పనికొస్తుందేమో గానీ ఒంటికి రాసుకోవడానికి కాదు.

అరోమాథెరపీ అన్న మాట పుట్టింది ఫ్రాన్సులో. గట్‌ఫోసే అనే రసాయన శాస్త్రవేత్త 1937లో ఆ పేరుతోనే పుస్తకం వేశాడు. కానీ వాసనని మందుగా అమ్మడం మన తెలుగువాడికి అంతకంటే ముందే తెలుసు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లోనే బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం, గంధపూర తైలం లాంటివే అందులోని సరుకు. ఇక్కడో చిన్న కిటుకుంది. డబ్బాలో ఉన్నది తైలం ఒక్కటే కాదు. మైనంలాంటి పదార్థంలో కలిపి, పలచన చేసి, పాళ్లు చూసి పెట్టారు. అందుకే వేలికొసతో తీసి కణతకి రాస్తే సరిపోతుంది. చిన్న సీసాలో ఆ కొలత మనకెవరూ పెట్టి ఇవ్వరు. మనమే పెట్టుకోవాలి.

గంధపూర తైలమంటే వింటర్‌గ్రీన్ నూనె. నొప్పులకి వాడేదే. కానీ ఒక్క చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు కడుపులోకి పోతే పెద్దవాళ్లు వేసుకునే ఆస్పిరిన్ మాత్రలు 20కి పైగా మింగినట్టు లెక్క. అధికమైతే అమృతం కూడా విషమేనని ఊరికే అనలేదు పెద్దలు!

పసివాళ్ల దగ్గర పది రెట్లు జాగ్రత్త

మా పక్కింటి మామ్మగారు కర్పూరం బిళ్లలు నలిపి కొబ్బరినూనెలో వేడిచేసి, మునిమనవడి ఛాతీకి రాయబోతుంటే అడ్డుపడ్డాను.

"మా పిల్లలందరికీ ఇదే రాశానమ్మా, ఏమైందిప్పుడు?" అన్నారావిడ.

"ఏమీ కాలేదు మామ్మగారూ, అది మీ అదృష్టం. ఇప్పుడు వీడి వయసెంతండీ? ఆరు నెలలు. వీడి చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. రాసిందంతా లోపలికి పీల్చేసుకుంటుంది" అని చెప్పాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, గిన్నె పక్కన పెట్టి, మెత్తటి గుడ్డ వెచ్చచేసి కాపడం పెట్టారు.

కర్పూరం ఒంట్లోకి ఎక్కువగా వెళితే పిల్లలకి ఫిట్స్ వస్తాయి. ఒక్క గ్రాము మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్న పసివాళ్లున్నారని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. అమెరికాలో 1983 నుంచీ పైపూతల్లో కర్పూరం 11 శాతం మించకూడదని నిబంధన పెట్టారు. మనమేమో పూజగదిలో పిల్లాడికి అందే ఎత్తులో, తెల్లగా పిప్పర్‌మెంట్ బిళ్లల్లా మెరిసేవాటిని పొట్లం విప్పి పెడతాం! వెలిగించే కర్పూరం తినేది కాదు. లడ్డూలో, చక్కెర పొంగలిలో వేసే పచ్చకర్పూరమైనా చిటికెలో చిటికెడే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. కిందటేడు చలికాలంలో మా బంధువులింట్లో రెండున్నరేళ్ల పిల్లాడు నీలగిరి తైలం తాగేశాడు. ఎవరో ఊటీ నుంచి పెద్ద సీసా తెస్తే, పొదుపుగా అందరికీ పంచుతూ ఖాళీ దగ్గుమందు సీసాలో పోసి ఇచ్చారు. తియ్యటి దగ్గుమందు రుచి ఎరిగిన పిల్లాడికి అది తైలమని ఎలా తెలుస్తుంది? తల్లి చూసేసరికి గుటకేశాడు. పావుగంటలో మత్తుగా తల వాల్చేశాడు. గట్టు రోడ్డు మీద తాళ్లపూడి, కొవ్వూరు దాటి, వంతెన ఎక్కి రాజమండ్రి చేరేలోపు ఆ తల్లి పడిన నరకం పగవాళ్లకి కూడా వద్దు. సమయానికి వైద్యం అందింది. మర్నాటికి లేచి కూర్చున్నాడు. మా మెట్టలో తోటలు తోటలుగా కనిపించే జామాయిల్ ఉందే, ఆ జాతి చెట్టు నుంచే నీలగిరి తైలం వస్తుంది. రోజూ చూసే చెట్టు కాబట్టి భయమనిపించదు. కానీ దాని తైలం ఒక చెంచా లోపే పసివాణ్ణి స్పృహ తప్పించగలదు, ఫిట్స్ తెప్పించగలదు.

అలా ఎప్పుడైనా జరిగితే ఈ నాలుగూ గుర్తుంచుకోండి. వాంతి చేయించకండి, తైలం ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. పాలు, ఉప్పునీళ్లు పట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. సీసా కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి, డాక్టరుగారికి అదే ముఖ్యమైన ఆధారం. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తుంది. దాని ఉచిత నంబరు 1800 116 117. ఇంట్లో కాలెండరు మీద రాసి పెట్టుకుంటే పోయేదేమీ లేదు కదా!

పెద్దవాళ్లకీ మినహాయింపు లేదు

ఫిట్స్ పిల్లలకే వస్తాయనుకోకండి. దక్షిణ భారతంలోని కొన్ని పెద్దాస్పత్రుల వైద్యులు కలిసి చేసి 2021లో ప్రచురించిన ఓ పరిశీలన ఉంది. ఫిట్స్‌తో వచ్చిన 350 మంది పెద్దవాళ్లని ఏమేం వాడుతున్నారో విడమర్చి అడిగితే, 55 మంది విషయంలో ఇలాంటి తైలాలకీ, కర్పూరం, నీలగిరి కలిసిన పూతలకీ సంబంధం కనిపించింది. కాబట్టి మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లు కర్పూరం, నీలగిరి, రోజ్‌మేరీ జోలికి పోకపోవడమే మంచిది.

ఉబ్బసం ఉన్నవాళ్లకి ఘాటు వాసన ఆయాసం తెప్పించవచ్చు. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, డాక్టరుని అడగకుండా ఏ తైలమూ వాడకూడదు. రక్తం పలచబడే మందు వేసుకునేవాళ్లు వింటర్‌గ్రీన్ ఉన్న పూతలు ఒళ్లంతా పట్టించుకోకూడదు. పళ్లొచ్చే పిల్లల చిగుళ్లకి లవంగ నూనె రాయకూడదు. రెండేళ్లలోపు పిల్లలకి మెంథాల్, కర్పూరం ఉన్న బామ్‌లేవీ ముక్కు దగ్గర పెట్టకూడదు.

నిమ్మజాతి తైలాలకి ఇంకో గుణం ఉంది. తొక్క పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ తైలాలు రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి, నల్లమచ్చలు పడతాయి. మన గోదావరి ఎండల సంగతి వేరే చెప్పాలా? మొహం తెల్లబడుతుందని రాసుకుంటే మంగు మిగులుతుంది.

ఇక దోమలు. ఏజెన్సీని ఆనుకుని ఉన్న మా ఊళ్లకి మలేరియా కొత్త కాదు. సిట్రొనెల్లా తైలం వాసనకి దోమలు దూరంగా ఉండే మాట నిజమే. కానీ గంటా రెండు గంటల్లో అది ఆవిరైపోతుంది, దోమ మాత్రం రాత్రంతా తిరుగుతుంది. దోమతెర కట్టుకుని, పైన తైలం వాసన సరదాకి ఉంచుకోండి. తెర తీసేసి తైలాన్ని నమ్ముకోకండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి. మూతలో చుక్క చుక్కగా పడే అమరిక ఉండాలి. మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారో, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. 'ఫ్రాగ్రెన్స్ ఆయిల్' అని ఉంటే అది ఒట్టి సెంటే. లావెండర్, గులాబీ, నిమ్మగడ్డి అన్నీ ఒకే ధరకి అమ్ముతుంటే అనుమానించండి.

సువాసనలో సూక్ష్మజీవులుండవన్నది కూడా అపోహే. 2021లో అమెరికాలో నాలుగు వేర్వేరు రాష్ట్రాల్లో నలుగురికి మెలియోయిడోసిస్ అనే అరుదైన జబ్బు వచ్చింది. వారిలో ఇద్దరు చనిపోయారు. వెతగ్గా వెతగ్గా కారణం ఓ లావెండర్ రూమ్ స్ప్రేలో చేరిన బాక్టీరియా అని తేలింది. ఆ స్ప్రే తయారైంది మన దేశంలోనే. సుమారు 3,900 సీసాలు వెనక్కి తీసుకున్నారు. ఇంట్లో నీళ్లూ తైలమూ కలిపి చేసుకునే స్ప్రేలు కూడా వారాల తరబడి దాచకుండా ఏరోజుకారోజు చేసుకోవడం అందుకే మేలు.

వాడే పద్ధతి ఇదీ

* నేరుగా చర్మానికి రాయొద్దు. రెండు టేబుల్ స్పూన్ల (30 మి.లీ.) కొబ్బరినూనెలోనో నువ్వులనూనెలోనో 6 చుక్కలు వేస్తే ఒక శాతం. మొహానికీ, మొదటిసారి వాడేవాళ్లకీ అదే చాలు. పెద్దవాళ్లు కాళ్లకీ వీపుకీ మర్దనా చేసుకోవడానికి 12 చుక్కలు దాటక్కర్లేదు.

* ముందు మోచేతి మడతలో ఒక చుక్క (కలిపిన నూనెది!) రాసి ఒకరోజు ఆగండి. దురద, ఎరుపు లేకపోతేనే వాడండి. నిమ్మగడ్డి తైలం కొందరికి బాగా మండుతుంది.

* స్నానం నీళ్లలో నేరుగా వేస్తే తైలం పైన తేలి ఒంటికి అంటుకుని మండుతుంది. ముందు చెంచా కొబ్బరినూనెలో కలపండి.

* డిఫ్యూజర్‌లో మూడు నాలుగు చుక్కలు, అరగంట. కిటికీ తెరిచి ఉంచండి. పసిపిల్లలున్న గదిలో వద్దు.

* కడుపులోకి ఎంతమాత్రం వద్దు. 'తాగొచ్చు' అని అమ్మేవాళ్లు చెప్పినా సరే.

* కళ్లలో పడితే పావుగంటసేపు మంచినీళ్లతో కడిగి డాక్టరుకి చూపించండి.

* దీపం, పొయ్యి దగ్గర సీసా పెట్టొద్దు. ఇట్టే అంటుకుంటుంది.

ఇంతకీ దీనివల్ల ప్రయోజనం లేదా?

ఎందుకు లేదూ! లావెండర్ వాసన కొందరికి ఆందోళన తగ్గించి నిద్రకి సాయపడుతుందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. మంచి వాసన మనసుని తేలికపరుస్తుందని చెప్పడానికి పరిశోధన కూడా అక్కర్లేదు, మొదటి వానకి తడిసిన మట్టి చాలు. అయితే మనసుకి హాయి వేరు, జబ్బుకి మందు వేరు. తైలం నమ్ముకుని షుగరు మాత్రలు మానేయడం, జ్వరం వచ్చిన పిల్లని రెండ్రోజులు ఇంట్లో ఉంచేయడం ప్రాణాలతో చెలగాటం.

నా మట్టుకు నాకు సీసా కంటే ఆకే దగ్గరగా అనిపిస్తుంది. కడియం నర్సరీల నుంచి తెచ్చిన నిమ్మగడ్డి దుబ్బు మా పెరట్లో గుబురుగా పెరిగింది. వంటిల్లు సర్దేశాక నాలుగు ఆకులు నలిపి బకెట్‌లోని గోరువెచ్చటి నీళ్లలో వేసి పది నిమిషాలు కాళ్లు పెట్టుకు కూర్చుంటే, రోజంతా నిలబడ్డ అలసట నీళ్లలో దిగిపోయినట్టుంటుంది. ఆకులో సారం సన్నగా ఉంటుంది, ఒక ఆకు ఎక్కువైనా కొంప మునగదు. సీసాకి ఆ వెసులుబాటు లేదు.

ఈ పేజీ మడిచి పక్కన పెట్టాక ఒక్క పని చేయండి. పూజగదిలోని కర్పూరం పొట్లం, అలమరలోని బామ్ డబ్బా, నీలగిరి సీసా ఎక్కడున్నాయో చూడండి. మీ ఇంట్లో అందరికంటే చిన్నవాడి చెయ్యి చాచితే అందుతున్నాయా? అందుతుంటే పై అటకకి ఎక్కించేయండి. పేరు లేని సీసా ఉంటే పారేయండి. ఆ అయిదు నిమిషాలూ అయ్యాక, హాయిగా జడలో మల్లెలు తురుముకోండి. వాటిని కొలవక్కర్లేదు.