నడుచుచు నాగిపోవు పాత డీజిలు ఇంజను: దోషములు, నివారణోపాయములు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్ట సీమలు. పెన్నానదిపై సోమశిల జలాశయము వెలసినను, కాలువ నీరెక్కని పొలములు పెక్కులు నేటికిని బావులనే నమ్ముకొనియున్నవి. నెల్లూరు మద్రాసు రాజధానిలో చేరియున్న దినములలో, 20వ శతాబ్ది ప్రారంభమున, ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొర ఆయిలింజనులతో బావినీరు తోడు పద్ధతిని ఆ రాజధానిలో ప్రచారము చేసెను. కాలక్రమమున కపిల తోలుట తగ్గి ఇంజను వాడుక పెరిగెను. ఇప్పుడు విద్యుత్తు మోటార్లే హెచ్చుగా నున్నను, కరెంటు అందని తావులందు పాత డీజిలు ఇంజనులు పనికి వచ్చుచునే యున్నవి.

పైరు పూతకు వచ్చినపుడు ఇంజను టపటపలాడి యాగిపోయినచో, రైతు తొందరపడి హెడ్డు విప్పించును. దానివలన ధనమును, తడియు రెండును నష్టము. కావున ఈ క్రింది విషయములను వరుసగా పరీక్షింపవలయును.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. లోపలి గాలి గట్టిగా నొక్కబడి మిక్కిలి వేడెక్కును. ఆ గాలిలోనికి నాజిలు చిమ్మిన డీజిలు తనంతట మండును. సులభముగా స్టార్టయి కొంతసేపు నడిచి యాగు ఇంజనులో గాలి నొక్కుడు సాధారణముగా సరిగానే యుండును. అట్టి దానికి డీజిలు చక్కగా అందుటలేదని మొదట అనుమానింపవలయును.

1. దోషము ఇంజనుదా, పంపుదా? బెల్టుతో నడుచునదైనచో బెల్టు తీసి వట్టిగా నడిపి చూడుడు. నిలుకడగా నడిచినచో పంపువైపు చూడవలయును. వేసవిలో బావినీరు దిగినపుడు పంపు గాలి పీల్చును. బరువు ఒకసారి తగ్గి, ఒకసారి పెరిగి, ఇంజను శబ్దము మారును. నీటిమట్టమునకు పంపు 20 అడుగులకు మించిన యెత్తున నుండరాదు. ఫుట్‌వాల్వు కారుచున్నదేమో కూడ చూడవలయును.

2. ట్యాంకు మూత: మూతకు గల సన్నని రంధ్రము దుమ్ముతో పూడినచో డీజిలు క్రిందికి దిగదు. మూత వదులు చేసినంతనే ఇంజను కుదుటబడినచో దోష మిదియే.

3. డీజిలులో నీరు: కొంచెము డీజిలును గాజు సీసాలో పట్టి కదలక యుంచిన, నీరు అడుగున చేరును. సగము ఖాళీగానున్న ట్యాంకులో రాత్రి చల్లదనమునకు చెమ్మ పట్టి నీరగును. కావున సాయంకాలమున ట్యాంకు నింపియుంచుట మేలు. అడుగు మడ్డిని అప్పుడప్పుడు దింపివేయవలయును.

4. ఫిల్టరు: గుడ్డ ఫిల్టరును శుభ్రమైన డీజిలుతో కడుగవచ్చును. కాగితపు ఫిల్టరును కడుగక క్రొత్తది వేయవలయును.

5. గొట్టములో గాలి: ట్యాంకు ఒకసారి పూర్తిగా ఎండినను, వాషరు అరిగినను గాలి చొరబడును. ఫిల్టరుమీది మరను వదులు చేసి, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చువరకు విడిచి బిగింపుడు. పిమ్మట డీజిలు పంపు మరకడ అట్లే చేయుడు.

6. నాజిలు: హ్యాండిలు త్రిప్పునపుడు నాజిలు కిర్రుమని పలుకవలయును. పలుకనిచో మెకానిక్కుచే పరీక్ష చేయింపవలయును. నాజిలు తుంపరకు చేయి అడ్డము పెట్టరాదు. ఆ ధార చర్మమును దూరి చేతికే ప్రమాదము తెచ్చును.

7. పొగ: నల్లని పొగ అధికభారమునకు గాని, గాలి ఫిల్టరు మూసుకొనుటకు గాని గుర్తు. నీలిపొగ లోపల ఇంజనాయిలు మండుటకు గుర్తు. వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ విడువకున్నచో నాజిలునో, నొక్కుడునో శంకింపవలయును. ఇంజను మిక్కిలి కాగి యాగినచో వెంటనే హ్యాండిలు త్రిప్పక, చల్లారనిచ్చి, చల్లబరచు నీటిని, ఇంజనాయిలును చూడవలయును.

ఇవన్నియు సరిగానున్నను హ్యాండిలు తేలికగా తిరుగుచున్నచో వాల్వులు గాని రింగులు గాని అరిగియుండును. అప్పుడు మాత్రమే హెడ్డు విప్పింపవలయును.

తుదకు ప్రాణమునకు సంబంధించిన మాట యొకటి. నీరు దిగినదని ఇంజనును బావిలోని గట్టుపైకి దింపి నడుపరాదు. దాని పొగలో వాసన గాని రంగు గాని లేని విషవాయువు కలదు. అది బావిలో నిలిచి లోనున్న మనుష్యుని స్పృహ తప్పించి చంపును. అతనిని రక్షింప దిగినవాడును అట్లే పడిపోవును. పంపును లోపల నుంచి, ఇంజనును గట్టుమీదనే నడుపు ఏర్పాటు చేసికొనవలయును. తడి తప్పిన పైరు మరల వేసికొనవచ్చును. పోయిన ప్రాణము మరల రాదు.