డిస్క్ లేని గేమింగ్ కన్సోల్: తక్కువ ధర వెనుక ఉన్న లెక్కలు

టీవీకి కలుపుకొని ఆడుకునే గేమింగ్ కన్సోళ్లలో కొన్నింటికి డిస్క్ పెట్టే చోటే ఉండదు. గేమ్ కావాలంటే ఇంటర్నెట్ ద్వారా దించుకోవాల్సిందే. వీటిని డిజిటల్ కన్సోళ్లు అంటారు. పరిమాణంలో చిన్నవి, ధరలోనూ తక్కువ. పిల్లలు అడిగారని కన్సోల్ కొందామనుకునే మధ్యతరగతి ఇంటికి మొదట కనిపించేది ఇవే. అయితే పెట్టె మీద రాసిన ధరతో ఖర్చు ముగిసిపోదు. మిగతాది ఇంటర్నెట్‌లోనూ, నిల్వ స్థలంలోనూ, ఆ గేముల మీద మనకు దక్కే హక్కులోనూ దాగి ఉంటుంది. ఆ లెక్కలు ముందుగానే వేసుకోవడం ఎలాగో చూద్దాం.

ఉదాహరణకు మైక్రోసాఫ్ట్ సంస్థ తయారుచేసిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌ను తీసుకుందాం. ఇది 2020 నవంబరు 10న మన దేశంలో రూ. 34,990 ధరకు విడుదలైంది. దాని పెద్దన్న సిరీస్ ఎక్స్ ధర అప్పుడు రూ. 49,990. తర్వాత ఈ ధరలు మారుతూ వచ్చాయి. కానీ చిన్న యంత్రం ఎందుకు చౌక అన్న ప్రశ్నకు జవాబు మాత్రం మారలేదు.

చిన్న చిప్, తక్కువ పిక్సెళ్లు

కన్సోల్ గుండెకాయ అందులోని సిలికాన్ చిప్. సిరీస్ ఎక్స్‌లో దాని వైశాల్యం 360 చదరపు మిల్లీమీటర్లు. సిరీస్ ఎస్‌లో 197 మాత్రమే. చిప్‌లను గుండ్రటి సిలికాన్ పలక మీద ఒకేసారి వందల సంఖ్యలో అచ్చువేసి కోస్తారు. చిప్ చిన్నదైతే ఒకే పలక నుంచి ఎక్కువ వస్తాయి. పలక మీద ఎక్కడైనా లోపం ఉంటే వృథా అయ్యే భాగం కూడా తగ్గుతుంది. తయారీ ఖర్చు తగ్గడానికి ముఖ్య కారణం ఇదే. చిన్న చిప్ వేడి కూడా తక్కువగా పుట్టిస్తుంది. కాబట్టి దాన్ని చల్లబరిచే లోహపు రెక్కలు, ఫ్యాను చిన్నవైనా సరిపోతాయి. అందుకే సిరీస్ ఎస్ బరువు 2 కిలోల లోపే.

మరి శక్తి మాట? బొమ్మలు గీసే భాగం సిరీస్ ఎక్స్‌లో సెకనుకు 12 లక్షల కోట్ల లెక్కలు చేయగలదు. సిరీస్ ఎస్‌లో 4 లక్షల కోట్లు. అంటే మూడో వంతు. ఇంత తేడా ఉన్నా రెండింటిలోనూ ఒకే గేమ్ ఎలా నడుస్తుంది? జవాబు పిక్సెళ్లలో ఉంది. టీవీ తెర మీది బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఆ చుక్కే పిక్సెల్. 4కె తెరలో 82,94,400 పిక్సెళ్లు ఉంటాయి. 1440పి అనే స్థాయిలో 36,86,400 ఉంటాయి. మామూలు ఫుల్ హెచ్‌డీలో 20,73,600 మాత్రమే. సిరీస్ ఎక్స్ 4కె కోసం, సిరీస్ ఎస్ 1440పి కోసం రూపొందాయి. గీయాల్సిన చుక్కలు సగానికన్నా తగ్గాయి కాబట్టి చిన్న చిప్ కూడా పని నెట్టుకొస్తుంది. బరువైన గేముల్లో అది 1440పి కన్నా కిందికి కూడా దిగుతుంది.

మన కంటికి తేడా తెలుస్తుందా?

ఇది మీ టీవీ పరిమాణం మీద, మీరు కూర్చునే దూరం మీద ఆధారపడుతుంది. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత కోణం వరకు ఆరోగ్యకరమైన కన్ను రెండు చుక్కలను వేరుగా చూడగలదు. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఒక్కో పిక్సెల్ అర మిల్లీమీటరు ఉంటుంది. లెక్క కడితే సుమారు 1.7 మీటర్లు, అంటే ఐదున్నర అడుగులు దాటి కూర్చున్నవారికి ఆ చుక్కలు విడివిడిగా కనిపించవు. 55 అంగుళాల టీవీలో 1440పి బొమ్మకు కూడా దాదాపు ఇదే దూరం వస్తుంది.

హాల్లో సోఫా నుంచి టీవీకి ఏడెనిమిది అడుగుల దూరం ఉండే ఇంట్లో, 43 అంగుళాల టీవీ మీద 4కె కోసం అదనంగా పెట్టే డబ్బులో చాలా భాగం కంటికి ఆనదు. తెర బాగా పెద్దదైతేనో, దగ్గరగా కూర్చుంటేనో మాటే వేరు.

అయితే పిక్సెళ్లు తగ్గించి సర్దుకోలేని చోటు ఒకటుంది. అది మెమరీ. సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే సిరీస్ ఎస్‌లో 10 జీబీయే ఉంది. 2023 డిసెంబరులో బాల్డర్స్ గేట్ 3 ఎక్స్‌బాక్స్ మీదికి వచ్చినప్పుడు, తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడుకునే సౌకర్యాన్ని సిరీస్ ఎస్‌లో ఇవ్వలేదు. చౌక యంత్రం కొనేవారు ఇలాంటి కోతలకు కూడా సిద్ధపడాలి.

డిస్క్ అసలు చేసే పనేమిటి?

ఒకప్పుడు కన్సోల్ ఆట నడిచినంతసేపూ డిస్క్ నుంచే సమాచారం చదివేది. ఇప్పుడా వేగం సరిపోదు. ఆరు రెట్ల వేగంతో తిరిగే బ్లూ-రే డిస్క్ సెకనుకు 27 ఎంబీ మాత్రమే ఇవ్వగలదు. 8 జీబీ సమాచారం మెమరీలోకి రావాలంటే దాదాపు ఐదు నిమిషాలు పడుతుంది. సిరీస్ ఎస్‌లోని ఎస్‌ఎస్‌డీ సెకనుకు 2.4 జీబీ ఇస్తుంది. అదే పని మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది. అందుకే ఇప్పుడు డిస్క్ కొన్నా సరే, గేమును ముందుగా ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించుకోవాల్సిందే. ఆ తర్వాత డిస్క్ చేసే పని తాళంచెవి పనే. గేమ్ మనదని అది రుజువు చేస్తుంది.

ఆ తాళంచెవి విలువెంత? ఒకే యంత్రాన్ని రెండు రూపాల్లో అమ్మినప్పుడు ఇది స్పష్టంగా తెలుస్తుంది. సోనీ ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైంది. డిస్క్ ఉన్నది రూ. 49,990, లేనిది రూ. 39,990. లోపలి చిప్, మెమరీ రెండింటిలోనూ ఒకటే. అంటే పదివేల తేడా డిస్క్ కోసమే. ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. రూ. 4,000 పెట్టి డిస్క్ కొని, ఆడేశాక రూ. 2,000కు అమ్మేశారనుకోండి. అలా ఐదు గేములు అమ్మితే ఆ పదివేలు తిరిగి వచ్చేసినట్టే. ఆరో గేమ్ నుంచి డిస్క్ ఉన్న యంత్రమే చౌక. స్నేహితులతో డిస్కులు మార్చుకునే అలవాటుంటే ఇంకా ముందే గిట్టుబాటవుతుంది.

డిజిటల్ కన్సోల్‌లో ఈ దారి మూసుకుపోతుంది. అమ్మే దుకాణం ఒకటే, అది కన్సోల్ చేసిన కంపెనీదే. పండుగ తగ్గింపుల కోసం ఎదురుచూడగలిగినవారికి, నెలవారీ చందాతో అనేక గేములు ఆడేవారికి ఇది లాభమే. ఏడాదికి ఒకటి రెండు గేములతో సరిపెట్టుకునేవారికి కూడా పెద్ద నష్టం లేదు. విడుదలైన రోజే పూర్తి ధరకు కొనేవారికి మాత్రం ఖర్చు పెరుగుతుంది.

ఇంటర్నెట్, నిల్వ, కరెంటు

కొత్త పెద్ద గేములు చాలావరకు 100 జీబీ దరిదాపుల్లో ఉంటున్నాయి. ఇంటర్నెట్ వేగాన్ని బిట్లలో చెబుతారు, గేమ్ పరిమాణాన్ని బైట్లలో చెబుతారు. 8 బిట్లు ఒక బైట్. కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్ సెకనుకు ఇచ్చేది 12.5 ఎంబీ. దానితో 100 జీబీ దించుకోవడానికి 2 గంటల 13 నిమిషాలు పడుతుంది. 30 ఎంబీపీఎస్ అయితే 7 గంటల 24 నిమిషాలు. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ డేటా మీదే ఆధారపడితే 50 రోజులు! ఇంట్లో ఫైబర్ కనెక్షన్ లేనివారికి డిజిటల్ కన్సోల్ పనికిరాదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

నిల్వ సంగతి కూడా గమనించాలి. సిరీస్ ఎస్ మొదటి నమూనా మీద 512 జీబీ అని ఉన్నా, గేములకు మిగిలేది 364 జీబీ. పెద్ద గేములు మూడింటితో నిండిపోతుంది. దీనికో చవకైన ఉపాయం ఉంది. మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్క్ నుంచి కొత్త గేములు నేరుగా నడవవు కానీ, వాటిని అందులో దాచుకోవచ్చు. హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చదివినా, 100 జీబీ గేమును తిరిగి లోపలికి తెచ్చుకోవడానికి 17 నిమిషాలు చాలు. మళ్లీ గంటల తరబడి దించుకునే పని తప్పుతుంది.

ఇక కరెంటు. ఆడేటప్పుడు సిరీస్ ఎస్ సుమారు 80 వాట్లు వాడుతుంది. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 4.8 యూనిట్లు. ఆడని 22 గంటలూ దాన్ని స్లీప్ స్థితిలో వదిలేస్తే 10 నుంచి 15 వాట్లు లాగుతూనే ఉంటుంది. నెలకు కనీసం 6.6 యూనిట్లు. అంటే ఆడినప్పటికన్నా నిద్రపోతున్నప్పుడే ఎక్కువ! సెట్టింగుల్లో విద్యుత్ పొదుపు విధానం ఎంచుకుంటే ఇది అర వాటుకు పడిపోతుంది.

కొన్నామా, అద్దెకు తీసుకున్నామా?

అన్నిటికన్నా లోతైన ప్రశ్న ఇది. డిజిటల్ దుకాణంలో ‘కొను’ అనే మీట నొక్కినప్పుడు మనకు దక్కేది వస్తువు కాదు, వాడుకోవడానికి అనుమతి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ విషయాన్ని కొనుగోలుదారులకు స్పష్టంగా చెప్పాలంటూ చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

దుకాణాలు కూడా శాశ్వతం కావు. నింటెండో 2023 మార్చిలో 3డీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ అమ్మకాలు ఆపేసింది. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో మూతపడింది. అంతకుముందు కొన్నవారు తమ గేములను మళ్లీ దించుకోగలిగారు కానీ, కొత్తగా కొనే వీలు పోయింది. అలాగని డిస్క్ ఉంటే పూర్తి భద్రత ఉన్నట్టు కాదు. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ది క్రూ అనే గేమ్ సర్వర్లను ఆపేసింది. అది ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచే గేమ్ కాబట్టి, డిస్క్ ఉన్నవారు కూడా ఆడలేకపోయారు.

కాబట్టి దుకాణానికి వెళ్లే ముందు నాలుగు అంకెలు కాగితం మీద రాసుకోండి. మీ టీవీ పరిమాణం, కూర్చునే దూరం, ఇంటర్నెట్ వేగం, ఏడాదిలో కొనబోయే గేముల సంఖ్య. తెర ఓ మాదిరిది, ఫైబర్ ఉంది, కొనే గేములు తక్కువ అయితే చిన్న డిజిటల్ కన్సోల్ మీకు సరైనదే. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నా, ఆడేసిన గేములు అమ్ముకోవాలన్నా, పిల్లలు పెద్దయ్యాక కూడా ఆ గేములు అల్మారాలో ఉండాలన్నా కొంచెం ఆగి, డిస్క్ ఉన్న కన్సోల్‌కు డబ్బు కూడబెట్టుకోవడమే మేలు.